కొత్త గుర్రానికి ఊపిరి

డాక్టర్ గ్రేస్ మూడు గంటల వరకే ఆగుతానంది. అప్పటికి నా గడియారంలో పదకొండు నలభై.

కేతేపల్లి దాటాక హైవే పక్కన స్కూటీ ఆపి, హెల్మెట్ తీసి, ఫోన్ చెవికి అదుముకున్నాను. వెనక సీటు మీద నర్సింగమ్మ దిగకుండా అలాగే కూర్చుంది. ఆమె మొగుడు పెద్దులు నల్లగొండలో ఒక దవాఖానలో నోట్లో పైపుతో పడుకుని ఉన్నాడు. అతను ఒక ఫారంలో గుర్రాలను సాకే సైసు. ఆ డాక్టర్ మాట్లాడేది తన మొగుడి గురించేనని ఆమెకు తెలుసు. నా మొహంలోకే చూస్తోంది.

"సుమన గారూ, జర జాగ్రత్తగ వినండి," అంది గ్రేస్. "పెద్దులు ఊపిరితిత్తులు రెండూ దెబ్బతిన్నయి. ఫారం వాళ్లేమో గడ్డిమందు తాగిండని రాసిచ్చిండ్రు. అదే నిజమైతే వాపు తగ్గించే ఇంజెక్షన్లు నేను నిన్ననే మొదలుపెట్టి ఉండాలె. అది కాదు, ఏదో క్రిమి అంటే మాత్రం అవే ఇంజెక్షన్లు ఆయనను చంపుతయి. ఒంట్ల మిగిలిన కాస్త బలం కూడ పోతది."

"పరీక్షల్లో ఏం తేలలేదా?"

"గడ్డిమందు ఇన్ని రోజుల తర్వాత పరీక్షలో దొరకదు. రక్తం రిపోర్టు రేపు మాపటికి గాని రాదు. రేపటి దాక ఆయన ఉండడు."

"మీ అనుమానం ఏంది మేడం?"

"గడ్డిమందు తాగినోళ్ల నాలుక కాలిపోతది. ఈయన నాలుక శుభ్రంగున్నది. మొహం మీద చీముగడ్డలు లేచినయి. గుర్రాలకు గ్లాండర్స్ అని ఒక జబ్బొస్తది, వాటి నుంచి మనిషికి అంటుతది. నేను పుస్తకంలో చదివిన గాని ఎన్నడూ చూడలే. దానికి మందు వేరే. కానీ ఆ ఫారంల గుర్రాలన్నిటికీ రెండు నెలల కింద రక్తపరీక్ష చేసిండ్రు, అన్నీ మంచిగున్నయి. తర్వాత కొత్త గుర్రం రాలేదని ఓనరు సంతకం పెట్టిండు. నాకు రెండు ముక్కలు తేల్చి చెప్పండి. కొత్త గుర్రం వచ్చిందా? వస్తే, అది వచ్చిన కాడ జబ్బున్నదా? మూడింటికి నేను ఏదో ఒక మందు ఎక్కించాలె. తప్పుడు మందైతే ఆయన నా చేతుల్లనే పోతడు. ఇంకో మాట. ఆ గుర్రాల దగ్గరకు పోవద్దు. మాస్కు తియ్యద్దు."

ఫోన్ పెట్టేశాను.

"ఏమంటాంది డాక్టరమ్మ?" అంది నర్సింగమ్మ.

"మూడు గంటల దాక టైముంది పెద్దమ్మా."

"గంతేనా?"

హెల్మెట్ పెట్టుకుని స్కూటీ స్టార్ట్ చేశాను.

నల్లగొండలో ఒక జిరాక్స్ షాపు పైన గది తీసుకుని డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్న మనిషిని నేను. నాకొచ్చేవన్నీ పెళ్లి సంబంధాల ఎంక్వైరీలే. పిల్లవాడు తాగుతాడా, ఉద్యోగం నిజమేనా, అంతకుముందు ఎవరితోనైనా తిరిగాడా. నిన్న సాయంత్రం నర్సింగమ్మ వచ్చి, "నా మొగడు మందు తాగలే బిడ్డా, ఎవ్వరు నమ్ముతలేరు" అన్నప్పుడు ఒక్క మాటకే లేచి వచ్చేశాను. ఇప్పుడు చేతిలో మూడు గంటల ఇరవై నిమిషాలు ఉన్నాయి, గుర్రాల గురించి నాకు తెలిసింది మాత్రం సున్నా.

పన్నెండూ ఐదుకి అమరేందర్ ఫారం గేటు దగ్గర దిగాం. మాకంటే ముందే రఘుపతి అక్కడ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు పోలీసు ఉద్యోగం చేసి, రిటైరయ్యాక హైదరాబాద్‌లో ఏజెన్సీ పెట్టుకున్న మనిషి. పెద్దులు సంగతి తేల్చమని ఓనరు అమరేందర్ పిలిపించుకున్నది ఇతన్నే. నన్ను పది మందిలో పెళ్లిళ్ల పేరమ్మ అని పిలవడం అతనికి సరదా.

"ఏం సుమన మేడం, తొవ్వ తప్పినవా? గీడ పెళ్లికొడుకులు లేరు, అన్నీ గుర్రాలే."

"గుర్రాలే నయం సార్. జీతం ఎక్కువ చేసి చెప్పుకోవు."

అతను నవ్వాడు. నాకు నవ్వే ఓపిక లేదు.

"మీరు గడ్డిమందు అని రాసిచ్చిండ్రట. దేన్ని బట్టి?"

"పెద్దులు రూముల మంచం కింద ఖాళీ సీసా దొరికింది. దొరకబట్టింది నేనే."

"ఎప్పుడు?"

"శుక్రవారం మధ్యాహ్నం. నేను వచ్చిన గంటకే."

"పెద్దులు పడిపోయి దవాఖానకు పోయింది గురువారం పొద్దుగాల. నడుమ ఒకరోజు పైనే ఆ రూముకు తాళం ఉన్నదా?"

రఘుపతి చేతిలోని గేటు రిజిస్టర్ మూశాడు. "లేదు."

"ఈ ఫారంల గడ్డిమందు ఎక్కడ కొట్టిండ్రో ఎండిన గడ్డి చూపించండి సార్."

"గుర్రాలు మేసే కాడ గడ్డిమందు ఎవడు కొడతడు?"

"నేనూ గదే అడుగుతున్న. కొట్టని ఫారంల సీసా ఎట్లొచ్చింది?"

"కొనుక్కొచ్చుకున్నడు, తాగిండు. గిసొంటివి నీ కంటే ఎక్కువ చూసిన నేను," అన్నాడు. గొంతులో మాత్రం ఇందాకటి జోరు లేదు. నేను వదల్లేదు. రిజిస్టర్ తెరిపించాను. పన్నెండు రోజులుగా బయటి బండి ఒక్కటీ రాలేదని రాసి ఉంది. గేటు కెమెరా గురించి అడిగాను. పోయిన ఆదివారం రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా అది పనిచేయలేదట. కరెంటు పోయిందన్నాడు. ఆఫీసు వరండాలో పెద్ద ఇన్వర్టర్ పచ్చ దీపంతో గేటుకే కనబడుతోంది. నేను అటు చూశాను, అతనూ అటు చూశాడు.

ఆఫీసు గదిలో అమరేందర్ మమ్మల్ని కూర్చోమన్నాడు. యాభై దాటిన మనిషి. గడ్డం గీసుకుని మూడు నాలుగు రోజులైనట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. నర్సింగమ్మ కుర్చీలో కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడింది.

"నర్సమ్మా, పెద్దులు నాకు పనోడు కాదు, ఇంటి మనిషి. దవాఖాన ఫికర్ నువ్వు పెట్టుకోకు."

"నాకు దవాఖాన ఫికర్ లేదు పటేలా. జర నిజం చెప్పు సాలు."

"కొత్త గుర్రం రాలే. ఎన్నిసార్లు చెప్పాలె?"

గోడల నిండా ఒకే గుర్రం ఫొటోలు. నల్లటిది. నుదుటి మీద తెల్లటి చుక్క, ఎడమ వెనక కాలికి చీలమండ దాకా తెలుపు. కింద పెద్ద అక్షరాలతో బాదల్, మూసీ గుర్రం అని ఉంది. మాట్లాడుతున్నంతసేపూ అమరేందర్ మా ముగ్గురి మొహాల్లోకి గాని, ఆ ఫొటోల వైపు గాని చూడలేదు. పెళ్లి ఎంక్వైరీల్లో నేను నేర్చుకున్నది ఒకటే ఒకటి. దాచేవాణ్ణి దాచిన సంగతి అడిగితే నోరు మూసుకుంటాడు, గొప్పలు అడిగితే ఆగకుండా చెబుతాడు.

"నాకు గుర్రాల గురించి ఏం తెల్వదు సార్. మీ మూసీ గుర్రం అంటే ఏంది? వేరే గుర్రాలకూ దానికీ తేడా ఏంది?"

రఘుపతి విసుగ్గా గడియారం చూసుకున్నాడు. అమరేందర్ మాత్రం కుర్చీలో నిటారుగా అయ్యాడు.

"మార్వాడీ గుర్రం తెలుసా? రాజస్థాన్‌ది. దాని చెవులు లోపలికి వంగి, కొసలు ఒకదానికొకటి తగుల్తయి. నడక సాఫుగ ఉంటది. మీద కూసున్నోడు నీళ్ల గ్లాసు పట్టుకున్నా తొణకదు. అరబ్బీది వేరే లెక్క. చిన్న మూతి, నుదురు కింద ఇంత లోతు, ఉరికితే తోక జెండా లెక్క పైకి లేస్తది. పద్నాలుగేళ్ల కింద నేను నాలుగు మార్వాడీ ఆడ గుర్రాలకు ఒక అరబ్బీ మగ గుర్రాన్ని కలిపిన. అందరు నవ్విండ్రు."

"ఏమొచ్చింది?"

"మొదటి తరం ఒకటి ఒక తీరు, ఇంకొకటి ఇంకో తీరు. ఒకదానికి తల్లి చెవులు, ఒకదానికి తండ్రి కోపం. మంచివాటిని మళ్ల వాటితోనే కలిపిన. రెండో తరం కొంచెం నయం. మూడో తరంల బాదల్ పుట్టిండు. వాని చెవులు లోపలికి వంగుతయి గని తగలవు. నడుమ ఒక వేలు పట్టేంత సందు ఉంటది. ఆ సందే మా మూసీ గుర్రం గుర్తు. నడక తల్లిది, తోక తండ్రిది. వాని పిల్లలు ఏడుకు ఏడు గట్లనే పుట్టినయి. గట్ల పుడితేనే దాన్ని జాతి అంటరు. లేకుంటే కలగాపులగం అంటరు."

"ఆ తెల్ల కాలు?"

"రంగు కొట్టింది కాదమ్మా," అన్నాడు గర్వంగా. "తెల్ల వెంట్రుక కింద తోలు గులాబి రంగులో ఉంటది. పోటీలల్ల జడ్జీలు నీళ్లు పోసి చూస్తరు. తడిస్తే లోపలి తోలు కనబడతది. రేపు పొద్దుగాల గుర్రాల సంఘం కమిటీ వస్తున్నది. బాదల్‌ను చూసి మూసీ గుర్రాన్ని జాతిగా రాసుకుంటరు."

ఆ చివరి మాట దగ్గర అతని గొంతు తడబడింది. జాలేసింది. పన్నెండూ యాభై అయింది.

"బాదల్‌ను ఒక్కసారి చూడనియ్యండి."

"కొత్తోళ్లను చూస్తే బెదురుతడు."

"చూపియ్యండి సార్, పీడ పోతది," అన్నాడు రఘుపతి. "కాగితాలతోని నేను పోల్చి చూసిన. అన్నీ కలిసినయి."

అమరేందర్ కాదనలేకపోయాడు. నేను మాస్కు కట్టుకుని ఇంకోటి నర్సింగమ్మకిచ్చాను. రఘుపతికి ఇవ్వబోతే చేత్తో పక్కకు తోసేశాడు.

తబేలాలో పదకొండు గుర్రాలు ఒకే వరసలో ఉన్నాయి. పన్నెండోది మాత్రం అవతల, నలభై అడుగుల దూరంలో, దాణా గదిని ఖాళీ చేసి కట్టేశారు. దాని బకెట్ వేరు, దాని తాడు వేరు. పక్కనే నీళ్ల పైపు.

"ఎందుకు దూరం పెట్టిండ్రు?"

"కమిటీ వస్తున్నది కదా. దుమ్ము అంటొద్దని."

రఘుపతి కాగితం తీసి పైకి చదివాడు. నలుపు, ఉన్నది. నుదుటి చుక్క, ఉన్నది. ఎడమ వెనక కాలు చీలమండ దాకా తెలుపు, ఉన్నది. ఒక్కోటీ చదివి నా వైపు చూశాడు. నేను గుమ్మం బయటే ఆగి తాళంచెవుల గుత్తి గలగలలాడించాను. గుర్రం తలెత్తింది. రెండు చెవులూ ముందుకు వంగాయి, కొసలు కలిశాయి. మధ్యలో వేలు కాదు, దారం కూడా పట్టదు.

ఆఫీసు గోడ మీది ఫొటోను వచ్చేముందు నా ఫోన్లో తీసుకున్నాను. దాన్ని రఘుపతి ముందు పెట్టాను.

"చూడండి సార్. ఫొటోల సందు ఉన్నది. ఇక్కడ లేదు."

"భయపడితే దగ్గరకొస్తయి," అన్నాడు అమరేందర్ గబగబా.

"చెవుల మీద కేసు పెడతవా మేడం?" అన్నాడు రఘుపతి.

"ముక్కు కారుతాంది, చూసిండ్రా?" అన్నాను.

ఎడమ ముక్కు నుంచి పసుపు రంగు చీమిడి పెదవి దాకా జారి ఎండింది. జలుబన్నాడు అమరేందర్. గుర్రం నా తాళంచెవుల చప్పుడుకి ఆ చిన్న గదిలో ఒక చుట్టు తిరిగింది. తోక కాళ్ల మధ్యే వేలాడుతోంది. ఒంట్లో నలతగా ఉందన్నాడు. ప్రతిదానికీ ఒక జవాబు ఉంది. ఒంటిగంటన్నర అయింది. ఒక్క చెవుల సందు చూపించి గ్రేస్‌తో ఏం చెప్పను?

అప్పుడు వెనక నుంచి నర్సింగమ్మ అంది. "గిదేనా మా ఆయన ఊపిరిచ్చింది?"

ముగ్గురం ఒకేసారి తిరిగాం.

"ఊపిరిచ్చుడంటే ఏంది పెద్దమ్మా?"

"కొత్త గుర్రం వస్తే మా ఆయన దాని మూతి కాడికి పోయి ముక్కులల్ల మెల్లగ ఊదుతడు. అది మల్ల ఈయన మొహం మీద ఊదుతది. గట్ల మూడు సార్లు. ఆ వాసనతోని గుర్రం మనిషిని యాది పెట్టుకుంటదట. వాళ్ల నాయిన నకిరేకల్ల జట్కా తోలేటోడు, ఆయన నేర్పిండు. ఒక్క గుర్రానికి ఒక్కపారే. మల్ల జన్మల ఇయ్యడు."

"బాదల్‌కు ఎప్పుడిచ్చిండు?"

"అది పుట్టిన నాడే. గా ఐదేండ్ల కింద."

"మరి మొన్న?"

"పోయిన సోమారం. మాపు బువ్వ తినుకుంట అన్నడు, ఇయ్యాల ఒకదానికి ఊపిరిచ్చిన, దాని ముక్కు కారుతాంది అని. కొత్తదొచ్చిందా అన్న. సప్పుడు చెయ్యలే. సగం బువ్వ ఇడిసిపెట్టి చెయ్యి కడుక్కున్నడు. బుధారం జరం వచ్చింది."

"ముసలామె తిండి కాడి ముచ్చట్లు," అన్నాడు రఘుపతి. కానీ వెళ్లిపోలేదు.

"అంతకు ముందు సంగతి చెప్పు పెద్దమ్మా. ఐతారం?"

"ఇంట్లనే పండుకున్నడు."

"శనివారం?"

నర్సింగమ్మ చెప్పింది. "శనారం మాపు ఇంటికొచ్చి గడప తొక్కలే. వాకిట్లనే నిలబడి నీళ్లు తెమ్మన్నడు. ఒంటి మీది బట్టలతోనే నెత్తికెల్లి పోసుకున్నడు. ఎవలు పోయిండ్రయ్యా అంటే చెప్పలే. పాలోళ్లల్ల ఎవలన్న పోయిండ్రేమో అనుకుని నేను గూడ బువ్వ తినలే. తెల్లారి అడిగితే ఊర్ల ఎవ్వరు పోలే."

మట్టి ఇచ్చి వచ్చినవాడు తప్ప వాకిట్లో నిలబడి బట్టల మీద నీళ్లు పోసుకునేవాడు మా ఊళ్లలో ఉండడు. పెద్దులు ఎవరికి మట్టి ఇచ్చాడు? అమరేందర్ చూపు ఒక్క క్షణం తబేలా వెనక గడ్డి మడి వైపు పోయి వచ్చింది. నేనూ అటు చూశాను. పచ్చ గడ్డి మధ్య లారీ అంత జాగాలో మట్టి కొత్తగా తిరగేసి ఉంది.

"బాదల్ సచ్చిపోయిండు," అన్నాను. "శనివారం సచ్చిండు. పుట్టినప్పటి నుంచి సాకిన పెద్దులే పూడ్చిపెట్టిండు, ఇంటికి పోయి తానం చేసిండు. ఐతారం రాత్రి కెమెరా బంద్ చేసి ఇంకో గుర్రాన్ని దించుకున్నరు. సోమవారం పెద్దులు దానికి ఊపిరిచ్చిండు."

"కథ మంచిగున్నది," అన్నాడు రఘుపతి. "కాగితాల మాటేంది? చుక్క ఉన్నది, తెల్ల కాలున్నది."

"మాస్కు కట్టుకోండి సార్, చెప్త."

ఈసారి కట్టుకున్నాడు. నేను నీళ్ల పైపు అందుకున్నాను. అమరేందర్ అడ్డం వచ్చాడు, రఘుపతి అతని భుజం పట్టుకుని ఆపాడు. ఎందుకు ఆపాడో అప్పటికి అతనికే తెలియదనుకుంటా, పాత పోలీసు అలవాటు కావచ్చు. గుమ్మంలోంచే నీళ్లు వదిలాను. గుర్రం రెండడుగులు వెనక్కి వేసింది. ఎడమ వెనక కాలు తడిసింది, తెల్ల వెంట్రుకలు చర్మానికి అంటుకుపోయాయి.

కింద తోలు నల్లగా ఉంది.

రఘుపతి గుమ్మం దాకా వంగి చూశాడు. నిటారుగా లేచాడు. ఆ మొహం చూస్తే నాకు గెలిచినట్టు అనిపించలేదు. ముప్పై ఏళ్ల సర్వీసు ఉన్న మనిషి ఒక సీసా చూసి మోసపోయానని తెలుసుకుంటున్నాడు.

"అమరేందర్ గారూ," అన్నాడు మెల్లగా. "ఇది బాదల్ కాదు."

"ఎవరో రంగు తీసిండ్రు... పెద్దులే చేసి ఉంటడు..."

రెండూ పదికి గ్రేస్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. కొత్త గుర్రం వచ్చిందని చెప్పాను.

"రెండో సంగతి?" అంది. "ఎక్కడి నుంచి వచ్చింది? ఆడ జబ్బున్నదా? ముక్కు జలుబుకు కూడ కారుతది సుమన గారూ. గడ్డిమందు కాగితం ఇంకా నా ముంగటనే ఉన్నది. తప్పు చేస్తే మనిషి పోతడు. ఫోన్ పెట్టకండి, నేను లైన్ల ఉంట."

అమరేందర్ దాణా బస్తా మీద కూలబడ్డాడు. ఎక్కణ్ణుంచి తెచ్చావని నేను అడిగాను, రఘుపతి అడిగాడు. ఎవరడిగినా ఒక్కటే మాట, కొత్త గుర్రం రాలే. రేపు కమిటీ వచ్చి పోయేదాకా ఆ మాట మీదే ఉండాలని గట్టిగా అనుకున్నట్టున్నాడు. నర్సింగమ్మ పోయి అతని కాళ్లు పట్టుకుంది.

"నీ గుర్రం సంగతి నాకొద్దు పటేలా. నీ పేరు సంగతి నాకొద్దు. యాడికెల్లి తెచ్చినవో గా ఒక్క మాట చెప్పు. ఇరవయ్యేండ్లు నీ తబేలాల పండుకున్నడు నా మొగడు. నీ కాల్మొక్త."

అతను కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. ఆమె అలాగే నేల మీద ఉండిపోయింది. నాకు అతన్ని కొట్టాలనిపించింది. రెండూ ముప్పై ఐదు అయింది. ఫోన్లోంచి దవాఖాన మిషన్ల చప్పుడు వినిపిస్తోంది.

ఇంటి వైపు నుంచి ఒకమ్మాయి నడిచి వచ్చింది. మండుటెండలో శాలువా కప్పుకుని ఉంది. అమరేందర్ ఒక్కగానొక్క కూతురు ప్రవళిక, హైదరాబాద్‌లో చదువుతోందని విన్నాను.

"డాడీ, జ్వరం తగ్గుతలేదు, ఛాతీల నొప్పి లేస్తాంది... బాదల్‌కు నీళ్లెందుకు పోస్తున్నరు? నర్సమ్మవ్వా, కింద కూసున్నవేంది? పెద్దులు తాత ఎట్లున్నడు?"

"నువ్వెప్పుడొచ్చినవ్ అమ్మా?" అన్నాను.

"శుక్రవారం పొద్దుగాల."

"ఈ గుర్రం దగ్గరకు పోయినవా?"

"ఆమె పోలే," అన్నాడు అమరేందర్. "నేను పోవద్దన్న. ఆమె పోలే."

ప్రవళిక తండ్రి వైపు తప్పు చేసినట్టు చూసింది. "నువ్వు నకిరేకల్ పోయినప్పుడు పోయిన డాడీ. ఆర్నెల్లయింది బాదల్‌ను చూసి. పేరు పెట్టి పిలిస్తే చెవి కూడ తిప్పలే. నన్ను మర్చిపోయిండని మస్తు ఏడ్పొచ్చింది. అందుకే పెద్దులు తాత నేర్పించినట్టు మొదటి నుంచి మళ్ల ఊపిరిచ్చిన. మూడు సార్లు."

అమరేందర్ లేచాడు. నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు.

"డాక్టరమ్మా! గ్లాండర్సే. నాకు తెలుసు. బాదల్ కడుపుబ్బి సచ్చిండు. కమిటీ ముందట పెట్టనీకి గసొంటి రంగుది ఎక్కడా దొరకలే. మార్వాడీది ఒక్కటే దొరికింది. అది ఉన్న తబేలాల ఆ జబ్బుతోనే మూడు సచ్చినయి. అమ్మినోళ్లే చెప్పిండ్రు. తెలిసే తెచ్చిన. నాలుగు దినాలు దూరం పెడితే ఏం కాదనుకున్న. కాలుకు తెలుపు ఎక్కించింది నేనే. సీసా పెట్టింది నేనే. నా బిడ్డకు అంటింది డాక్టరమ్మా, నా బిడ్డ ప్రవళిక, పందొమ్మిదేండ్లు, ఇప్పుడే తీసుకొస్త, మందు తయారు పెట్టండి, నా బిడ్డకు..."

రఘుపతి జేబులోంచి తన రిపోర్టు తీసి, చూసి, రెండుగా చింపాడు. వాళ్లనీ వీళ్లనీ చూస్తూ ప్రవళిక శాలువాను గుండెల దగ్గర బిగించుకుంది.

నర్సింగమ్మ నేల మీంచి లేచింది. అమరేందర్ ముందుకు వచ్చి నిలబడింది. ఆమె గొంతులో ఏడుపు లేదు.

"ముందుగాల నా మొగని పేరు చెప్పు పటేలా. నాలుగు దినాల సంది ఆయన నీ ఒక్క మాట కోసమే పండుకొని ఉన్నడు."

అమరేందర్ నోరు తెరిచాడు. ఫోన్లో గ్రేస్, "హలో, పేషెంటు పేరు చెప్పండి, ముందు ఎవరికి?" అంటోంది. రెండూ యాభై రెండు అయింది.

"పెద్దులు," అన్నాడు.